ముందు గేజి, తర్వాతే పానా

(వరికోత యంత్రాల యజమానులు, డ్రైవర్లు, కౌలురైతుల కోసం సంఘం ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ధాన్యం ధర గురించి, కౌలు కార్డుల గురించి, కాలువ నీళ్ల గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈరోజు మాత్రం కోత మిషన్ లోపల తిరిగే ఆయిల్ ప్రెషర్ గురించి మాట్లాడతాం. ఇది మెకానిక్‌ల గొడవ, మనకెందుకు అని ఎవరైనా అనుకుంటే ఒక్క లెక్క వినండి.

చైన్ మిషన్‌కి మనం గంటల చొప్పున డబ్బు కడతాం. ఎకరం గంటలో కోయాల్సిన బండి గంటన్నర తీసుకుందనుకోండి. గంటకి 3,000 రూపాయలు అనుకుంటే ఎకరానికి 1,500 అదనం. పదెకరాల కౌలురైతుకి 15,000. బండి నీరసంగా నడిచినందుకు నష్టం బండి యజమాని కన్నా ముందు చేనుగల రైతు భరిస్తున్నాడు. దాళ్వా కోతల్లో ఆకాశం మబ్బు పట్టినప్పుడు ఆ అరగంట విలువ డబ్బుతో కూడా లెక్కకట్టలేం.

ఇక మా అనుభవం చెబుతాం. మేము ఏడుగురం కలిసి ఒక పాత చైన్ మిషన్ కొన్నాం. రెండో ఏడాది దాళ్వాలో మా డ్రైవర్ కుర్రాడు వచ్చి, "బాబాయ్, పొద్దున్న బాగానే లాగుతోంది, ఎండెక్కేసరికి బురదలో దిగబడితే లేవట్లేదు" అన్నాడు. మెకానిక్‌ని పిలిపించాం. ఆయన బండెక్కి పది అడుగులు నడిపి, "హైడ్రోస్టాటిక్ పోయిందండీ, యూనిట్ మొత్తం మార్చాలి" అని తేల్చేశాడు. ఆ ఖర్చు మాకు లక్షల్లో మాట. గేజి పెట్టి చూశారా అని మాలో ఒక్కరం కూడా అడగలేదు. అసలు అడగాలని మాకు తెలియదు.

అడ్వాన్స్ కట్టేలోపు పక్క ఊళ్లో ప్రొక్లెయిన్‌లు బాగుచేసే ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాం. ఆయన ముందు ఆయిల్ పుల్ల తీసి చూశాడు. తర్వాత ఫిల్టర్ విప్పాడు. అది నల్లగా, జిగటగా మూసుకుపోయి ఉంది. మారుద్దాం మారుద్దాం అనుకుంటూ మేము రెండు సీజన్లు గడిపేశాం. పైగా ఎవరో చెప్పారని వేరే రకం ఆయిల్ కలిపాం. ఫిల్టర్, ఆయిల్ మార్చి గేజి పెడితే ప్రెషర్ పుస్తకంలో ఉన్న అంకెకు చేరింది. ఆ సీజనంతా బండి నడిచింది. లక్షల మాట వేలల్లో తీరిపోయింది.

ఇందులో ఆ మొదటి మెకానిక్ ఒక్కడినే తప్పుపట్టం. కొలిచే పనిముట్టు ఆయన దగ్గర లేదు, కొలవమని అడిగే జ్ఞానం మా దగ్గర లేదు.

అసలు ఈ హైడ్రోస్టాటిక్ అంటే ఏమిటో మామూలు మాటల్లో చెప్పుకుందాం. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ని బలంగా తోస్తే ఆ తోపుకి ఒక మోటారు తిరుగుతుంది. మోటారు గేర్‌బాక్సును, గేర్‌బాక్సు చైన్‌ను తిప్పుతాయి. మోటారు నుంచి వచ్చిన ఆయిల్ ట్యాంకుకి పోకుండా నేరుగా మళ్లీ పంపులోకే వస్తుంది. మీరు చేత్తో పట్టుకునే లివర్ పంపు లోపల ఉన్న ఏటవాలు పళ్లేన్ని వంచుతుంది. ఎంత వంచితే అంత ఆయిల్, అంత వేగం. అటు వంచితే ముందుకి, ఇటు వంచితే వెనక్కి.

ఈ దారిలో తిరిగే ఆయిల్ కొంచెం కొంచెం లోపలే కారుతుంటుంది. అలా కారడం సహజం, లోపలి ఇనుముకి తడి కూడా అదే. కారినంత మళ్లీ నింపడానికి పక్కనే ఒక చిన్న పంపు ఉంటుంది. దాన్ని చార్జి పంపు అంటారు. అది ఇచ్చే ప్రెషరే చార్జి ప్రెషర్. మన కాలువ చివరి తూము లాంటిదే ఇదీ. పైనుంచి నీళ్లు సరిపడా రాకపోతే చివరి చేను ఎండుతుంది. చార్జి ప్రెషర్ తగ్గితే పెద్ద పంపుకి ఆయిల్ అందక లోపలి పిస్టన్లు అరిగిపోతాయి. బండి కూతపెట్టినట్టు సన్నగా అరిచిందంటే ఆయిల్ అందక గాలి మింగుతోందేమోనని అనుమానించాలి.

గేజి పెట్టే ముందు డబ్బు ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, ఆయిల్ మట్టం, రంగు చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. మాడు వాసన వస్తే బాగా వేడెక్కింది.

రెండు, బెల్టు చూడండి. చాలా చైన్ మిషన్లలో ఇంజను నుంచి హైడ్రోస్టాటిక్‌కి శక్తి బెల్టు ద్వారానే వెళుతుంది. బెల్టు జారితే పంపు పోయినట్టే కనిపిస్తుంది.

మూడు, లివర్ చివరిదాకా తోసినప్పుడు పంపు దగ్గరున్న చేయి కూడా చివరిదాకా కదులుతోందా చూడండి. కేబుల్ సాగినా, పిన్ను అరిగినా సగం వేగమే వస్తుంది. లివర్ న్యూట్రల్‌లో ఉన్నా బండి పాకుతోందంటే చాలాసార్లు అది కూడా ఈ లింకుల తప్పే, ప్రెషర్ తప్పు కాదు.

నాలుగు, రేడియేటర్ జాలీ మీద, ఆయిల్ కూలర్ మీద పేరుకున్న దుమ్ము, గడ్డి దులపండి. వేడెక్కిన ఆయిల్ పలచబడి ఎక్కువ కారుతుంది. పొద్దున్న బాగుండి మధ్యాహ్నం నీరసపడటానికి ఇదొక కారణం.

అయిదు, బ్రేకు పట్టేసి ఉందేమో, చైన్ మరీ బిగుతుగా ఉందేమో చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే గేజి. బండిని గట్టి నేల మీద నిలపండి. కట్టర్‌బార్ పూర్తిగా నేలకి దించండి. నూర్పిడి క్లచ్ తీసేయండి. బ్రేకు వేసి చైన్ కింద దుంగలు పెట్టండి. ఇంజను ఆపాకే ప్లగ్గు విప్పాలి. విప్పేముందు చుట్టూ శుభ్రంగా తుడవండి, ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా పంపుకి చేటే. ఆ రంధ్రానికి సరిపోయే మర ఉన్న అడాప్టర్‌తోనే గేజి బిగించండి. తర్వాత ఇంజను నడిపి ఆయిల్‌ని వేడెక్కనివ్వండి, చాలా పుస్తకాలు 50 డిగ్రీల దరిదాపు చెబుతాయి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి తప్పుడు ధైర్యం ఇస్తుంది. లివర్ న్యూట్రల్‌లో ఉంచి, పుస్తకంలో చెప్పిన ఇంజను వేగంలో ముల్లు చూసి అంకె రాసుకోండి.

ఎంత ఉండాలి అని అడుగుతారు. ఆ మోడల్ పుస్తకంలో ఉన్నంత. చిన్న యూనిట్లలో అది కొద్ది బార్లే ఉంటుంది, పెద్దవాటిలో 20 బార్ కూడా దాటుతుంది. పక్కవాడి బండి అంకె మన బండికి పనికిరాదు. పుస్తకంలో ఒక కొలత, గేజి మీద ఇంకో కొలత ఉంటే కంగారు పడకండి. 1 బార్ అంటే సుమారు 14.5 పి.ఎస్.ఐ.; 1 మెగాపాస్కల్ అంటే 10 బార్లు.

ఇప్పుడు ముల్లు ఏం చెబుతోందో చూద్దాం. న్యూట్రల్‌లోనే ప్రెషర్ తక్కువగా ఉంటే మొదట ఫిల్టర్, ఆయిల్ పీల్చే గొట్టం, తర్వాత చార్జి రిలీఫ్ వాల్వు, చార్జి పంపు చూడాలి. న్యూట్రల్‌లో బాగుండి, బరువు మీద నడిపితే బాగా పడిపోతుంటే పెద్ద పంపులోనో మోటారులోనో అరుగుదల ఉండొచ్చు. కొద్దిగా తగ్గడం మాత్రం సహజమే. ముందుకి నీరసం, వెనక్కి బలం అయితే ఆ ఒక్క వైపు వాల్వును అనుమానించాలి. రెండు వైపులా ఒకే నంబరు వాల్వులు ఉంటే తెలిసిన మెకానిక్ వాటిని అటూ ఇటూ మార్చి చూస్తాడు. జబ్బు కూడా అటు మారితే వాల్వుదే తప్పు, పంపు విప్పనక్కర్లేదు.

ఇక అసలు ప్రమాదం, సర్దుబాటు దగ్గర. చార్జి రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనక సన్నటి షిమ్ములు ఉంటాయి, కొన్నింటికి లాక్‌నట్టుతో స్క్రూ ఉంటుంది. షిమ్ము వేస్తే ప్రెషర్ పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. కొన్నింటిని కంపెనీలోనే సరిచేసి మూసేస్తారు, వాటి జోలికి పోకూడదు. వీలున్నచోట కూడా ఒక్కో షిమ్ము వేసి మళ్లీ కొలవాలి. వేసినా ముల్లు కదలకపోతే అక్కడే ఆగాలి. అరిగిన పంపు ఎంత బిగించినా ఇవ్వదు. పుస్తకం అంకె దాటితే ఆయిల్ వేడెక్కుతుంది, సీళ్లు పోతాయి.

పెద్ద ప్రెషర్ వాల్వులు మరీ ప్రమాదం. అక్కడ వందల బార్లు ఉంటాయి. చార్జి గేజి అక్కడ పెడితే పగిలిపోతుంది. ఆ పని శిక్షణ ఉన్నవారికే వదలండి. ఇంకొక మాట మీ పిల్లలకీ చెప్పండి. ఆయిల్ కారుతోందా అని గొట్టం మీద చెయ్యి పెట్టి చూడొద్దు. సన్నటి ధార చర్మాన్ని దూరి లోపలికి పోతుంది. పైకి సూది పోటులాగే ఉంటుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. పొరపాటున తగిలితే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

మా కథలో రెండో భాగం దాచిపెట్టం. మరో రెండేళ్లకి అదే నీరసం వచ్చింది. ఈసారీ ఫిల్టరేలే అనుకుని మార్చాం, తగ్గలేదు. మాలో ఒకరు షిమ్ములు వేసి ఈ సీజను గట్టెక్కిద్దాం అన్నారు. గేజి పెడితే న్యూట్రల్‌లో అంకె సరిగ్గానే ఉంది, మడిలో దిగగానే పడిపోయింది. షిమ్ములతో తీరే జబ్బు కాదని అర్థమైంది. పంపు నిజంగానే అరిగింది. కోతల మధ్యలో బండి ఆపాం, మాట ఇచ్చిన రైతులకి వేరే బండి చూపించాం, అప్పు చేసి యూనిట్ బాగు చేయించాం. గేజి ఎప్పుడూ మంచి కబురే చెప్పదు. కానీ ఆ అప్పు ఎందుకు చేస్తున్నామో తెలిసి చేశాం.

మరి ఈ జ్ఞానం ప్రతి ఊరికీ ఎందుకు అందడం లేదు? ప్రెషర్ అంకెలు ఉన్న సర్వీసు పుస్తకం రైతు చేతికి రాదు. వచ్చిన చిన్న పుస్తకంలో ఆయిల్ మార్చడం వరకే ఉంటుంది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలకే ప్రత్యేకంగా చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి అక్కడి కంపెనీలు విడిభాగాలు, పుస్తకాలు, పరికరాలు రైతుకీ బయటి మెకానిక్‌కీ ఇవ్వాల్సిందే. పోర్టల్ తెరవడం మంచిదే. మా ఊరి మెకానిక్ చేతికి తెలుగులో ప్రెషర్ పట్టిక వచ్చినప్పుడే అది మాకు హక్కు అవుతుంది.

అందుకని సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం. యంత్రం అమ్మినప్పుడే తెలుగు సర్వీసు పుస్తకం ఇవ్వాలని కోరదాం. ప్రతి మండలంలో సహకార సంఘం దగ్గర గేజి, అడాప్టర్ల పెట్టె ఒకటి ఉంచమని అడుగుదాం. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, మన కుర్రాళ్లని, మెకానిక్‌లని అక్కడి శిక్షణకి పంపుదాం.

వీటి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పని లేదు. ఇంటికి వెళ్లగానే ఒక నోటు పుస్తకం కొనండి. ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఎన్ని గంటలు నడిచింది, ముల్లు ఎంత చూపింది, తారీఖు వేసి రాయండి. ప్రెషర్ ఏటా ఎంత తగ్గుతోందో ఆ పుస్తకమే చెబుతుంది, కోతల మధ్యలో బండి నిలిచిపోకముందే జాగ్రత్తపడొచ్చు. ఇక ఎవరైనా యూనిట్ మార్చాలంటే మర్యాదగానే అడగండి: "గేజి పెట్టారా అండీ? ముల్లు ఎంత చూపించింది?" జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ జేబులోనే ఉంచండి.