లోహపు గాజు



మూసయు, కొలిమియు మనకు క్రొత్తవి కావు. కరగిన లోహము చల్లారునపుడు అందలి పరమాణువులు వరుసలు తీరి స్ఫటికములై గట్టిపడును. గాజు అట్లు కాదు. ద్రవమునందలి క్రమరాహిత్యముతోనే బిగిసిపోవును. లోహమును గూడ గాజువలె బిగియింప వీలగునని 1960లో అమెరికాయందలి కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో పోల్ డ్యూవే పండితుడును, ఆయన సహచరులును నిరూపించిరి.

వారు చేపట్టినది బంగారమే. బంగారము 1064 డిగ్రీలకును, సిలికాను 1414 డిగ్రీలకును కరగును. రెండును తగిన పాళ్లలో కలసినచో 363 డిగ్రీలకే కరగును. మిశ్రమము తక్కువ వేడికి కరగుట టంకము పెట్టువారందఱు నెఱిగినదే. అట్టి ద్రవము చాల చల్లబడువఱకు గట్టిపడదు గావున స్ఫటికములు కట్టుటకు వ్యవధి తక్కువ. అయినను సెకనుకు సుమారు పదిలక్షల డిగ్రీల వేగమున చల్లార్పవలసి వచ్చెను. అంత వేగము మిక్కిలి పలుచని రేకునందే సాధ్యము.

వేగమును మించిన ఉపాయము పాళ్లయందే కలదు. జపానుదేశమున తోహోకు విశ్వవిద్యాలయ పండితుడగు అకిహిసా ఇనౌయె దీనికి మూడు సూత్రములు చెప్పెను: మూలకములు మూడు గాని, అంతకు మించి గాని యుండవలెను, ముఖ్యమైన వాని పరమాణువుల పరిమాణములందు నూటికి 12కు మించిన భేదముండవలెను, కలియునపుడు వేడిని వెలువరించునంతటి పొత్తు వాని నడుమ నుండవలెను. పెద్దవియు, చిన్నవియు కిక్కిరిసినచోట వరుస తీరుట దుర్లభము. 1993లో పీకర్, జాన్సన్ అను పండితులు జిర్కోనియము, టిటానియము, రాగి, నికెలు, బెరిలియములను కలిపి, సెకనుకు పది డిగ్రీలకు మించని వేగముననే 14 మిల్లీమీటర్ల వ్యాసముగల కడ్డీలను పోయగలిగిరి. మన పంచలోహములు వేఱైనను, ఇవియు నయిదే!

ఇనుము, బోరాను, సిలికానులతో చేసిన ఇట్టి పట్టీలు ట్రాన్స్‌ఫార్మర్లలో విద్యుచ్ఛక్తి నష్టమును మిక్కిలి తగ్గించుచున్నవి. లోపమును లేకపోలేదు: లాగినచో ఈ లోహము సాగక, ఒక్కసారిగా తెగిపోవును. దీనిని సవరించు మిశ్రమముల అన్వేషణ నేటికిని సాగుచున్నది.

ఆ అన్వేషణలో మన బిడ్డలకు పాలు లేకుండుట న్యాయమా? పాళ్లు కుదుర్చుట మన పెద్దల విద్య. ఆ పాళ్లకు కారణము చెప్పునది లోహశాస్త్రము. మొదటిది చేతిలో నుండియు రెండవది చదువజాలక, కొలిమి చల్లారిన యిండ్లనుండి యువకులు కూలికి పోవుచున్నారు. వరంగల్లు జాతీయ సాంకేతిక విద్యాసంస్థయందును, వారణాసియందును లోహశాస్త్రము బోధింపబడుచున్నది. దాతలారా! ఏటేట ఇద్దఱు పేదవిద్యార్థులకైనను ఈ చదువునకు వేతన మేర్పఱుపుడని వేడుచున్నాము. తల్లిదండ్రులారా! బిడ్డలకు కొలిమిని చూపుడు, గ్రంథమును గూడ నిండు. చేతికి శాస్త్రము తోడైననే మన విద్య నిలుచును.

స్వస్తి.