బాలింత లెక్క



బాలింత యెన్నాళ్లకు కోలుకొన్నట్లు? సుశ్రుతసంహిత శారీరస్థానమున దీనికి రెండు సమాధానములు గలవు. ఒకటిన్నర మాసము గడచిన పిదప సూతిక యను పేరు తొలగునని యొకటి. మరల ఋతుదర్శనమగు దనుక నిలుచునని కొందఱి మతము. పాలిచ్చు తల్లికి ఋతువు నెలల తరబడి రాకుండుట కలదు గనుక రెండవ మతమే ఉదారము. పెక్కిండ్ల వాడుక యీ రెంటికన్నను పిసినిగొట్టుది. పదునొకండవ దినమున పురిటిస్నానమైనచో మైలతోపాటు అలసటయు తీఱినదందురు. కరణపు లెక్కలలో శిస్తు బకాయి యేండ్ల తరబడి నిలిచెడిది; బాలింత రక్తపు బకాయి స్నానమునాడే కొట్టివేయబడును!

భద్రాచలపు అడవి యంచున నిది మఱింత కఠినము. వేసవిలో తునికాకు, ఖమ్మము వైపు మిరపకోతలు. పోని దినమునకు కూలి లేదు. ప్రసూతి సెలవును 2017లో 26 వారములకు పెంచిరి గాని, అది సంస్థలలో జీతమునకుండు వారికే. ఏబది యాకుల కట్ట కట్టు తల్లికి సెలవిచ్చువారెవరు?

గర్భాశయము యథాస్థితికి వచ్చుటకు ఇంచుమించు ఆఱు వారములు పట్టును. సుశ్రుతుని లెక్కకు దగ్గఱయే. కాని యది యొక్క యవయవము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు శస్త్రచికిత్సతోనే. పైకుట్టు మానినను లోపలి పొరలు బలపడుటకు నెలలు కావలెను. కటి యడుగు కండరములు సాగి, దగ్గినపుడు మూత్రము జారుట పలువురికి గలదు. చెప్పుకొన సిగ్గుపడి బిందెలు మోయుచునే యుందురు. మూత్రము నాపుకొనునట్లు ఆ కండరములను బిగించి వదలుట దినమునకు పలుమాఱులు, మూడు నెలలైన సాగింపవలెను. అదే సర్వేలో నూటికి 57 మందికి పైగా స్త్రీలు రక్తహీనులు. అందుచేతనే కాన్పు తరువాత 180 దినములు ఇనుపమాత్రలు వేసికొనవలెనని విధించిరి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనము, గ్రుడ్డు, పాలు ఆఱు నెలలు బాలింతవే.

పత్యము పేర కూరలు, మంచినీళ్లు తగ్గించుట ప్రేమతో విధించిన శిక్ష. పుట్టింట మూడు నెలలుంచు ఆచారము మాత్రము ఏ మందుకును తీసిపోదు.

ఇక మనసు. ఉత్తరకాండలో వాల్మీకి కుశలవులకు దర్భలతో రక్ష కల్పించెను. తల్లి మనసుకు రక్ష యేది? తొలిదినముల కన్నీరు రెండు వారములలో అణగును. అణగక, బిడ్డ నిదురించినను తనకు నిదురరాక, బిడ్డపై మమత పుట్టక, చావు తలపులు వచ్చుచున్నచో గాలి సోకినదని తాయెత్తు కట్టుట తగదు. అది వ్యాధి, ఏడాది లోపల నెప్పుడైన రావచ్చును. పాలు మాన్పకయే వాడదగిన మందులు గలవు. 2022 నుండి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును. చావు మాట నోట వచ్చిన నాడు ఆమెను ఒంటరిగా విడువక ఆసుపత్రికే కొనిపోవలెను.

ఆశా కార్యకర్త తొలి వరుస రాకలు 42వ దినముతో ముగియును. 43వ నాడు అడుగవలసినవాడు భర్త: “రాత్రి నిదురపట్టినదా? నడుము నొచ్చుచున్నదా? బిందె ఇటిమ్ము, నీళ్లు నేను తెచ్చెదను.”