అర్జీలో పట్టని కష్టం

(మదనపల్లెలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. వితంతు పింఛను, రేషన్ కార్డు, ఉపకార వేతనం, ఇంటి స్థలం... ఇతరుల కష్టాన్ని చదవడమే నా ఉద్యోగం. అర్జీలో ఆదాయానికి గడి ఉంటుంది, వయసుకు గడి ఉంటుంది. అద్దె కట్టలేక ఇంటి యజమాని కంటపడకుండా తిరిగే మనిషి సిగ్గుకు గడి ఉండదు. అది కథలోనే దొరుకుతుంది. పిల్లలకు ఈ ఏడుపుగొట్టు కథలెందుకని అడిగే పెద్దలకు నా జవాబు ఇదే.

పుంగనూరులో మేము ఆదివారాలు పిల్లలచేత కథలు చదివిస్తున్నాము. ఒక వారం మహమ్మద్ ఖదీర్‌బాబు రచించిన ‘న్యూ బాంబే టైలర్స్’ చదివించాము. రెడీమేడ్ దుస్తులు వచ్చాక చేతినేర్పు గల దర్జీ బతుకు ఏమైందో చెప్పే కథ అది. పూర్తయ్యాక ఎనిమిదో తరగతి బాలుడొకడు, “తాతా, పండుగకు రెడీమేడ్ చొక్కా కొనుక్కోవడం తప్పా?” అని అడిగాడు. తప్పని చెప్పలేము, కాదని చెప్పి ఊరుకోనూ లేము. చవక ధర ఎవరి కూలి తగ్గితే వచ్చింది, మిషను అమ్ముకున్నవాడు ఏ పనికి పోతాడు అని పిల్లలే వాదించుకున్నారు. ఒక దర్జీ కొడుకు మాత్రం మౌనంగా కూర్చున్నాడు. అతణ్ణి మేము కదిలించలేదు. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. కథలోని పేదవాణ్ణి చూపి, “మన ఫలానావాడి ఇల్లూ ఇంతే కదా” అనకండి. ఆ మాటతో ఆ పిల్లవాడు పుస్తకం ముట్టడం మానేస్తాడు.

మంచి కథలు చదివినవారు ఎదుటివారి మనసును మెరుగ్గా గుర్తిస్తారని 2013లో డేవిడ్ కిడ్, ఎమాన్యుయేల్ కస్తానో అనే పరిశోధకులు ప్రకటించారు. ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసిన కొందరికి ఆ ఫలితం రాలేదు. నాకిందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒక్క కథ చదివి ఎవరూ మారరు. చదివినదాన్ని నలుగురిలో మాట్లాడుకోవాలి, పదేపదే చదవాలి.

కుప్పంలో చాలామంది తండ్రులు తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కుతారు. వారు ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. అక్కడి పిల్లలను, కథ చదివాక, తండ్రి దినచర్యను అడిగి రాసుకురమ్మన్నాము. తన తండ్రి రానూపోనూ నిలబడే ప్రయాణిస్తాడని ఒక బాలికకు అప్పుడే తెలిసింది.

ఇక, కొందరికి రుచించకపోయినా ఒక మాట చెప్పాలి. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖం చూడలేదనో, మధ్యలో మానేశారనో 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ బాధను లోకమంతా చదవాలని కోరుతున్నాము, న్యాయమే. మరి జాషువా ‘గబ్బిలం’ మన ఇళ్లలో ఎందరు చదివారు? గుడి గడప తొక్కనివ్వని మనిషి తన ఆకలిని గబ్బిలంతో శివునికి చెప్పి పంపిన కావ్యమది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మన పేరు విని తలుపు వేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ తలుపు మన ముందే కాదు, మరెందరి ముందో మూసుకుంటున్నదని మన పిల్లలకు తెలియాలి.

వచ్చే ఆదివారం నుంచి మదనపల్లెలోనూ కథల చదువు మొదలవుతుంది. పది పూర్తయిందని ఇంట్లో కూర్చోబెట్టిన ఆడపిల్లలను కూడా పంపండి. వారికోసం ముందు వరుస ఖాళీగా ఉంచుతాము.