అటారి ఫ్లాష్‌బ్యాక్ 2కి కార్ట్రిడ్జ్ స్లాట్: బోర్డు మీద వదిలిపెట్టిన దారి

రెట్రో కన్సోల్స్ గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నా, టీవీకి పెట్టి ఆడే ఈ రెడీమేడ్ గేమ్ బాక్సులకి ఒరిజినల్ కార్ట్రిడ్జ్ పెట్టే స్లాట్ వేసుకోవచ్చా?" అని. చాలా వాటికి కుదరదు. కానీ ఒకదానికి బాగా కుదురుతుంది, ఎందుకంటే దాన్ని డిజైన్ చేసినాయనే కావాలని ఆ దారి వదిలిపెట్టాడు. ఈరోజు దాని గురించే. పేరు అటారి ఫ్లాష్‌బ్యాక్ 2.

ముందు దీని అన్న గురించి రెండు ముక్కలు. 2004లో అటారి మొదటి ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది. లోపల 20 గేమ్స్, పైన పాత అటారి 7800ని గుర్తుచేసే బాడీ. విప్పి చూస్తే లోపల ఉన్నది అటారి కాదు! నింటెండో ఎన్‌ఈఎస్‌ని ఒకే చిప్‌లో కుదించిన హార్డ్‌వేర్. అంటే మనలో చాలామంది చిన్నప్పుడు పసుపు రంగు కార్ట్రిడ్జ్ గుచ్చి కాంట్రా, మారియో ఆడిన ఆ లోకల్ వీడియో గేమ్ ఉంది కదా, దాని చుట్టమే ఇది. అటారి గేమ్స్‌ని ఆ చిప్ కోసం మళ్లీ రాయించి పెట్టారు. పాత అభిమానులు పట్టేశారు: "ఇది మేం ఆడిన గేమ్‌లా కదలట్లేదు" అని.

దాన్ని డిజైన్ చేసిన కర్ట్ వెండెల్ అటారి చరిత్రని ఏళ్లతరబడి సేకరించిన మనిషి. ఆ పెట్టె హడావుడిగా తయారైంది. 2005లో ఫ్లాష్‌బ్యాక్ 2 దగ్గరకొచ్చేసరికి ఆయన పద్ధతే మార్చేశాడు. 1977లో వచ్చిన అసలు అటారి 2600లో మూడు ముఖ్యమైన చిప్స్ ఉంటాయి: 6507 ప్రాసెసర్, బొమ్మా శబ్దం చూసుకునే టీఐఏ, మెమరీ ఉండే 6532. ఈ మూడూ చేసే పనిని ఒకే చిప్‌లో కొత్తగా కట్టించాడు. సాఫ్ట్‌వేర్‌తో నటించడం కాదు, హార్డ్‌వేర్‌నే మళ్లీ తయారుచేయడం. అందులో 40 గేమ్స్ పెట్టారు. పాత 2600 జాయ్‌స్టిక్ తెచ్చి గుచ్చినా పనిచేస్తుంది.

అసలు విషయం బోర్డు మీద ఉంది. కార్ట్రిడ్జ్‌కి కావాల్సిన లైన్లన్నీ బోర్డు మీద బయటికి తీసి, వైర్ టంకం పెట్టుకోడానికి పాయింట్లు వదిలి, పేర్లు కూడా ప్రింట్ చేశారు. అంటే "నీకు చేతనైతే విప్పు, స్లాట్ పెట్టుకో" అని కొన్నవాడికి చెప్పినట్టే. వారంటీ స్టిక్కర్ చింపితే కేసు అన్నట్టు చూసే కంపెనీల మధ్య ఇది నాకు చాలా నచ్చిన విషయం.

ఇప్పుడు కార్ట్రిడ్జ్ అంటే ఏంటో అర్థం కావాలి, లేకపోతే ఈ మాడ్ అర్థం కాదు. మనం దాన్ని పెన్‌డ్రైవ్ లాంటిది అనుకుంటాం. కాదు. పెన్‌డ్రైవ్‌లోంచి ఫైల్ కాపీ అయి మెమరీలోకి వస్తుంది, తర్వాత రన్ అవుతుంది. 2600లో కాపీ అనే మాటే లేదు. కార్ట్రిడ్జ్ గుచ్చగానే దాని లోపలి రోమ్ నేరుగా ప్రాసెసర్ కాళ్లకి తగులుతుంది. ప్రాసెసర్ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ అక్కడి నుంచే చదువుతుంది. గేమ్ నడుస్తున్నప్పుడు కార్ట్రిడ్జ్ మెషీన్‌లో ఒక భాగం.

కాపీ చేద్దామన్నా చోటెక్కడిది? ఆ మెషీన్‌లో ర్యామ్ మొత్తం 128 బైట్లు. కేబీ కాదు, ఎంబీ కాదు, బైట్లు. ఫోన్‌లో ఒక్కో తెలుగు కోడ్ మూడు బైట్లు తింటుంది. "అమ్మ" అని టైప్ చేస్తే 12 బైట్లు అయిపోయాయి. వత్తుల్నీ గుణింతాల్నీ విడివిడిగా లెక్కేస్తే 42 కోడ్‌లకే 128 నిండిపోతుంది. ఒక గుడ్ మార్నింగ్ మెసేజ్ పట్టదు. అంత చోటులో పిట్‌ఫాల్ లాంటి గేమ్ ఆడించారు! బొమ్మని ముందే గీసి దాచుకోడానికి మెమరీ లేదు కాబట్టి, టీవీలో కిరణం ఒక్కో గీత గీస్తుంటే ప్రోగ్రామ్ దానితో పాటే పరిగెత్తాలి. ఒక గీతకి ప్రాసెసర్‌కి దొరికేది 76 సైకిల్స్. ఆలస్యమైతే బొమ్మ చెడిపోతుంది. నేను ఆఫీసులో వాడిన ఒక చిన్న ఐకాన్ ఫైల్ ఈ గేమ్ మొత్తం కంటే పెద్దది. నవ్వాలో ఏడవాలో తెలీదు.

సరే, స్లాట్‌కి వద్దాం. 2600 కార్ట్రిడ్జ్‌కి 24 పిన్స్. అడ్రస్ లైన్లు 13, డేటా లైన్లు 8, అయిదు వోల్టులు ఒకటి, గ్రౌండ్ రెండు. కూడితే 24, అంతే. రాయాలా చదవాలా అని చెప్పే లైన్ కూడా లేదు, క్లాక్ కూడా లేదు. అడ్రస్ లైన్లలో పన్నెండు కలిసి 4 కేబీ చూపిస్తాయి, పదమూడోది "ఇప్పుడు కార్ట్రిడ్జ్ మాట్లాడాలి" అని పిలిచే లైన్. 4 కేబీ చాలనప్పుడు కార్ట్రిడ్జ్ లోపలే ముక్కలు మార్చే లాజిక్ పెట్టారు. ఆస్టరాయిడ్స్ అలా 8 కేబీకి వెళ్లింది. 1984లో పిట్‌ఫాల్ 2 కోసం డేవిడ్ క్రేన్ ఏకంగా ఒక కొత్త చిప్ డిజైన్ చేసి కార్ట్రిడ్జ్‌లో పెట్టాడు. అందుకే ప్రతి కార్ట్రిడ్జ్‌నీ ఫైల్ అనలేం.

పని ఇలా ఉంటుంది. 2.54 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న 24 పిన్నుల ఎడ్జ్ కనెక్టర్ కావాలి. పాత డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ రిబ్బన్ కేబుల్‌లో 40 వైర్లుంటాయి, అందులోంచి 24 చీల్చుకుంటే సరిపోతుంది. ఒక కొస కనెక్టర్‌కి, ఇంకో కొస బోర్డు మీద పేరున్న పాయింట్లకి. వైర్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఇక్కడో చిక్కు. లోపల 40 గేమ్స్ ఉన్న రోమ్ కూడా అవే డేటా లైన్ల మీద ఉంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రెండూ ఒకేసారి మాట్లాడితే ప్రాసెసర్‌కి వచ్చేది చెత్త. అందుకే బోర్డు మీద కొన్ని రాగి గీతల్ని బ్లేడుతో కోసి లోపలి రోమ్‌ని విడదీయాలి. ఆ కోసిన చోట స్విచ్ పెడితే అటు తిప్పితే పాత 40, ఇటు తిప్పితే కార్ట్రిడ్జ్. స్విచ్ వద్దనుకుంటే లోపలి గేమ్స్ వదులుకోవాలి. నా ఓటు స్విచ్‌కే. గంట పని పెరుగుతుంది, పెరగనీ.

కరెంట్ ఇచ్చే ముందు మల్టీమీటర్‌తో పక్కపక్క పిన్నులు అంటుకున్నాయేమో ఒక్కొక్కటీ చూడండి. ముఖ్యంగా అయిదు వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య. అక్కడ షార్ట్ ఉంటే కన్సోల్‌తో పాటు నలభై ఏళ్లు బతికిన కార్ట్రిడ్జ్ కూడా పోవచ్చు. మొదటి టెస్ట్‌కి మీ దగ్గరున్న వాటిలో అతి మామూలు గేమ్ పెట్టండి, అరుదైనది కాదు. ఆన్‌లో ఉండగా కార్ట్రిడ్జ్ పీకొద్దు, పెట్టొద్దు.

కోసిన రాగి గీతని చిన్న వైర్‌తో మళ్లీ కలపొచ్చు. కానీ ప్లాస్టిక్ బాడీకి కన్నం పెడితే అది పూడదు. యూట్యూబ్‌లో అందంగా కనిపించడానికి ముందు భాగం కోసేస్తుంటారు, నాకది ఇష్టం లేదు. ఈ మోడల్ ఇప్పుడు తయారవట్లేదు. కనెక్టర్‌ని వెనక వైపు విడిగా చిన్న డబ్బాలో పెట్టండి, చూడ్డానికి బాగోకపోయినా సరే.

ఇంకో మాట, పేరు చూసి మోసపోకండి. 2011లో వచ్చిన ఫ్లాష్‌బ్యాక్ 3 వేరే కంపెనీ చేసింది. లోపల సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్. గేమ్ అందులో నిజంగానే ఫైల్. అందుకే ఈ 24 వైర్లు కలపడానికి అక్కడ చోటే లేదు. బాక్స్ మీద బొమ్మ ఒకటే, లోపల ప్రపంచం వేరు.

మరి మన దగ్గర దొరికే 400 ఇన్ 1 చేతి బాక్సుల సంగతి? విప్పితే బోర్డు మీద నల్ల బొట్టు కనిపిస్తుంది, చిప్ మీద పోసిన ఎపాక్సీ. గేమ్స్ ఉన్న రోమ్ విడిగా ఉండి లైన్లు బయటికి కనిపిస్తే ప్రయత్నించడానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది. అన్నీ ఒకే బొట్టు కింద ఉంటే మీరు టంకం పెట్టడానికి ఏమీ లేదు. కాబట్టి స్లాట్ కొనకముందే స్క్రూ విప్పి చూడండి.

చివరిగా, అమెరికా నుంచి ఎవరితోనైనా ఫ్లాష్‌బ్యాక్ 2 తెప్పించుకునేవాళ్లకి. దాని అడాప్టర్ అక్కడి 120 వోల్టులది, మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టొద్దు. దాని మీద రాసిన అవుట్‌పుట్ వోల్టేజ్, పోలారిటీ చూసి ఇక్కడ అలాంటిదే కొనండి. వీడియో సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీ, కాబట్టి టీవీ సెట్టింగ్స్‌లో అది సపోర్ట్ చేస్తుందో లేదో ముందే చూసుకోండి. పసుపు ఏవీ పిన్ ఉన్న టీవీ కూడా కావాలి, ఇంట్లో పాతది ఉంటే అప్పుడే అమ్మేయకండి.