ఆఫీస్ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్ అసలు ఎక్కడ ఉంటుంది?

ఆఫీస్ సిస్టమ్‌లో ఫైర్‌ఫాక్స్ ఓపెన్ చేసి పర్సనల్ మెయిల్‌లోకి లాగిన్ అవుతాం. "పాస్‌వర్డ్ సేవ్ చేయాలా?" అని అడుగుతుంది. పనిలో పనిగా సేవ్ కొట్టేస్తాం. మరి అది ఎక్కడ సేవ్ అయింది? "నా సిస్టమ్‌లోనే కదా" అంటారు. చాలా ఆఫీసుల్లో అక్కడితో ఆగదు.

ముందు ప్రొఫైల్ అంటే ఏంటో చూద్దాం. అదొక ఫోల్డర్, అంతే. మీ బుక్‌మార్క్‌లు, హిస్టరీ, కుకీలు, పాస్‌వర్డ్‌లు అన్నీ అందులో ఫైళ్లుగా ఉంటాయి. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ దీన్ని యాప్‌డేటాలోని రోమింగ్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. రోమింగ్ అంటే పేరుకు తగ్గట్టే ఊరు తిరిగేది. నేను పనిచేసిన ఒక చోట షిఫ్ట్‌కో సీటు. ఎక్కడ కూర్చున్నా మన సెట్టింగ్‌లు మన వెంటే రావాలి కాబట్టి, లాగాఫ్ కాగానే ఆ ఫోల్డర్ సర్వర్‌కి వెళ్తుంది, లాగిన్ కాగానే వెనక్కి వస్తుంది. కొన్ని ఆఫీసుల్లో అయితే నేరుగా సర్వర్ మీదే ఉంచేస్తారు.

సౌకర్యమే, కానీ రెండు చిక్కులున్నాయి.

మొదటిది, హిస్టరీ, కుకీలు ఉండేవి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లలో. ఒకరు రాస్తుంటే ఇంకొకరు రాయకుండా ఫైల్‌కి తాళం పడాలి. నెట్‌వర్క్ డ్రైవ్‌ల మీద ఆ తాళాన్ని నమ్మలేమని ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. తాళం సరిగ్గా పడకపోతే ఫైల్ పాడవుతుంది, బుక్‌మార్క్‌లు గల్లంతు.

రెండోది అసలు భయం. ఫైర్‌ఫాక్స్‌లో పాస్‌వర్డ్‌లు ఒక ఫైల్‌లో, వాటిని విప్పే తాళంచెవి ఇంకో ఫైల్‌లో. రెండూ ఒకే ఫోల్డర్‌లో! బీరువా పక్కనే తాళంచెవి వేలాడదీసినట్టు. మీరు ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే, ఆ రెండు ఫైళ్లు కాపీ చేసుకున్న ఎవరైనా మీ పాస్‌వర్డ్‌లు చదివేయొచ్చు. సర్వర్‌కి బ్యాకప్‌లు కూడా ఉంటాయి. మీరు ఉద్యోగం మానేసినా మీ ఫైళ్లు అందులో మిగిలిపోవచ్చు.

క్రోమ్ కొంచెం వేరు. దాని ప్రొఫైల్ మామూలుగా లోకల్ ఫోల్డర్‌లో ఉంటుంది, అది తిరగదు. కానీ ఐటీ వాళ్లు రోమింగ్ పాలసీ ఆన్ చేస్తే బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌ల లాంటివి రోమింగ్ ఫోల్డర్‌లోకి కూడా చేరతాయి.

మరి మనమేం చేయాలి? ఇప్పుడే చెక్ చేయండి. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ఎబౌట్ కోలన్ సపోర్ట్ అని ఇంగ్లీష్‌లో టైప్ చేస్తే ప్రొఫైల్ ఫోల్డర్ దారి కనిపిస్తుంది. అది రెండు బ్యాక్‌స్లాష్‌లతోనో, ఆఫీస్ నెట్‌వర్క్ డ్రైవ్ అక్షరంతోనో మొదలైతే మీ ప్రొఫైల్ సర్వర్ మీద ఉన్నట్టే. సి డ్రైవ్ అని చూపించినా, దారిలో రోమింగ్ అని ఉంటే సర్వర్‌కి కాపీ వెళ్తోందా అని ఐటీ వాళ్లని అడగండి.

పర్సనల్ పాస్‌వర్డ్‌లు సేవ్ అయి ఉంటే డిలీట్ చేయండి. పాత బ్యాకప్‌లోంచి అవి పోవు కాబట్టి, మీ ఫోన్‌లోంచి ఆ పాస్‌వర్డ్‌లు మార్చేయండి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ కొట్టండి. ఆఫీస్ పాస్‌వర్డ్‌లు ఫైర్‌ఫాక్స్‌లో దాచుకుంటుంటే ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోండి. బ్యాంక్, మెయిల్ లాంటి సొంత పనులకి మీ ఫోన్, మీ డేటా వాడండి.

ఈ వారంలో రాజీనామా పెట్టబోయే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, ముందు వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, బై.