ఆడపిల్లల కాలేజీ మన పిల్లకు సరిపోతుందా?



ఈ రోజు మన సంఘం తరఫున మేము ఒక్క విషయమే మాట్లాడదలచుకున్నాం. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి మన ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. "ఆడపిల్లల కాలేజీ అయితే పంపుతాం, లేకపోతే చదివింది చాలు" అని ఇంట్లో పెద్దలు అంటారు. "దూరమైనా ఫరవాలేదు, పంపండి" అని పిల్ల అంటుంది. ఈ రెండు మాటల మధ్య నెల గడిచిపోతుంది, ఆన్‌లైన్ అడ్మిషన్ల గడువు దాటిపోతుంది. తర్వాత పెళ్లి సంబంధం వస్తుంది. ఇలా ఆగిపోయిన చదువులు మన పేటల్లో ఎన్నో మీకే తెలుసు. అందుకే మహిళా కళాశాలలో బి.ఏ. లాంటి ఆర్ట్స్ చదువు మన పిల్లకు సరిపోతుందా లేదా అనేది ఎలా తేల్చుకోవాలో నాలుగు మాటలు చెబుతాం.

ముందు కొంచెం వెనక్కి చూద్దాం. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. అప్పటికి మూడేళ్ల ముందే, 1871లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఊళ్లో ఆడపిల్లలు పలక పట్టుకుని బడికి వెళ్తున్న రోజుల్లో మన ఎరుకల తాతలు పోలీసు హాజరుకు వెళ్లేవారు. అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్. కళాశాల 1951లో మొదలైంది. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. అంటే మన మీద పుట్టుకతోనే వేసిన ఆ ముద్ర చట్టంలోంచి పూర్తిగా పోయిందీ, మన కోనసీమలో కాలేజీ తలుపులు తెరిచిందీ దాదాపు ఒకే కాలంలో. ఇది ఎవరినో నిందించడానికి చెప్పడం లేదు. మన ఇంటి పిల్ల డిగ్రీలో చేరడం ఎంత దూరం నడిచి వచ్చిన అడుగో గుర్తు చేస్తున్నాం.

ఇప్పుడు మన చుట్టూ ఏమున్నాయి? రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారి భార్య పేరిట ఉన్న కందుకూరి రాజ్యలక్ష్మి మహిళా కళాశాల ఉంది. కాకినాడలో అన్నవరం సత్యవతీదేవి ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. ఏలూరులో 1953 నుంచి నడుస్తున్న సెయింట్ థెరిసా మహిళా కళాశాల ఉంది. దగ్గరలో అందరూ కలిసి చదివే కాలేజీలు చూస్తే అమలాపురంలో ఎస్.కె.బి.ఆర్., రాజోలు, రావులపాలెంలలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. కాబట్టి మన ముందున్న అసలు ప్రశ్న ఇది: దగ్గరలోని కో-ఎడ్ కాలేజీయా, దూరంలోని మహిళా కళాశాలా?

మహిళా కళాశాల వల్ల వచ్చే లాభం చాలామంది అనుకునేది కాదు. "గోడలు ఎత్తుగా ఉంటాయి, మగపిల్లలు ఉండరు" అన్నదే లాభమని మన పెద్దలు అనుకుంటారు. అసలు లాభం వేరు. అక్కడ తరగతి లీడరూ ఆడపిల్లే, ఎన్.ఎస్.ఎస్. శిబిరం నడిపేదీ ఆడపిల్లే, సభలో మైకు పట్టుకునేదీ, ఆటల జట్టుకు కెప్టెనూ ఆడపిల్లే. నోరు విప్పడానికి జంకే పిల్లకు మూడేళ్లలో ఆ జంకు పోవచ్చు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. ఆడవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడాలనే ఆ పని చేశారు గానీ, లోకం నుంచి దాచిపెట్టడానికి కాదు.

రెండో వైపు కూడా చెప్పాలి. అందరూ ఆడపిల్లలే అయినంత మాత్రాన కులం గుమ్మం బయట ఆగిపోదు. "మీ వాళ్లు ఏం చేస్తారు?" అని హాస్టల్ గదిలో అడిగితే, పందుల పెంపకమనో ఈత బరికెల బుట్టలనో చెప్పడానికి మన పిల్ల తడుముకుంటే, అక్కడ మహిళా కళాశాల అన్న పేరు ఒక్కటే ఆమెకు అండ కాదు. అలాంటప్పుడు ఆదుకునే లెక్చరర్ ఉన్నారా, మన వర్గాల పిల్లలు ఇంతకుముందు అక్కడ చదివి బయటికి వచ్చారా అన్నది చూడాలి. ఇంకో మాట. రేపు ఉద్యోగంలో మగవాళ్లతో కలిసే పని చేయాలి. ఇప్పటికే ధైర్యంగా మాట్లాడే పిల్లకు దగ్గరలోని కో-ఎడ్ కాలేజీయే మేలు కావచ్చు.

ఇక "బి.ఏ. చదివితే ఏం వస్తుంది?" అన్న ప్రశ్న. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం చదివిన పిల్లకు గ్రూప్-2 పరీక్షలో సగం పుస్తకాలు ముందే పరిచయం. బి.ఇడి. చేస్తే టీచర్ కావచ్చు, మూడేళ్ల లా చదివితే వకీలు కావచ్చు. రాష్ట్రంలో ఎస్టీలకు 6 శాతం రిజర్వేషన్ ఉంది, దాన్ని అందుకోవడానికి డిగ్రీ చేతిలో ఉండాలి. అయితే లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లను "ఆర్ట్స్ తేలిక" అని బి.ఏ.లో చేర్చకండి. డిగ్రీ అయిన వెంటనే నెల జీతం రాకపోతే ఇల్లు గడవని కుటుంబానికి నర్సింగ్ లాంటి చదువు ముందు ఆలోచించదగ్గది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆర్ట్స్ చదువుకు మన విషయంలో ఇంకో విలువ ఉంది. మన గురించి ఇంతవరకు రాసినవాళ్లలో ఎక్కువమంది పోలీసు అధికారులు, దొరలు, బయటి పండితులు. మన ఇళ్లలో ముసలమ్మలు మాట్లాడే ఎరుకల భాష, చెప్పే సోది, బుట్ట అల్లికలో ఒక్కో రకానికున్న పేరు వాళ్లతోనే పోతున్నాయి. చరిత్రో, సమాజశాస్త్రమో చదివిన మన ఆడపిల్ల వాటిని రాసిపెడితే ఆ రాత మనదవుతుంది.

మరి నిర్ణయం ఎలా తీసుకోవాలి? మేము చెప్పేది ఇదీ.

మొదటిది, దారి. కొత్తపేట పిల్లకు రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం అందుబాటులో ఉంటుంది. అమలాపురం పిల్లకు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ సుమారు 60 కిలోమీటర్లు. రాజోలు పిల్లకు రెండూ దూరమే, హాస్టల్ లేకుండా కుదరదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు, కాబట్టి ఇప్పుడు చూడాల్సింది చార్జీ కాదు, సమయం. చివరి బస్సు ఎన్నింటికో, దిగిన చోటి నుంచి ఇంటికి ఎంత చీకట్లో నడవాలో చూడండి. లంక గ్రామాల వాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే కాజ్‌వేలు మునుగుతాయి. సర్టిఫికెట్ల పని వరద రాకముందే ముగించుకోవాలి.

రెండోది, కోర్సు. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి వచ్చింది. మూడేళ్లకు డిగ్రీతో బయటికి రావచ్చు, నాలుగో ఏడు చదివితే ఆనర్స్. కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే, ఆ మేజర్ నిజంగా నడుస్తోందా, చెప్పడానికి లెక్చరర్ ఉన్నారా అని కాలేజీకి వెళ్లి అడగండి. పుస్తకంలో కోర్సు పేరు ఉండి, చేరేవాళ్లు లేక తరగతి నడవకపోతే పిల్ల నష్టపోతుంది.

మూడోది, డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, ఎస్టీ హాస్టల్‌లో సీటు ఉందా, లేకపోతే మెస్ ఖర్చు నెలకు ఎంత అన్నది నోటి మాటగా కాకుండా కాగితం మీద రాయించుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాల్లో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, పిల్ల మాట. సెలవు రోజున కాదు, తరగతులు జరిగే రోజున ఆమెను వెంటబెట్టుకుని రెండు కాలేజీలూ తిరగండి. లైబ్రరీలో కూర్చోనివ్వండి. చదువుతున్న పిల్లలతో మీరు లేకుండా ఆమెను మాట్లాడనివ్వండి. మరుగుదొడ్లు ఎలా ఉన్నాయో ఆమే చూసి చెబుతుంది. ఆ రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని ముందుగా ఆమెను మాట్లాడమనండి.

ఈ నాలుగూ చూశాక మహిళా కళాశాల సరిపోతుందనిపిస్తే సంతోషంగా పంపండి. లేదనిపిస్తే ఊరి దగ్గర కో-ఎడ్ కాలేజీలో చేర్చండి. రెండింట్లో ఏదైనా మంచిదే. "ఆడపిల్లల కాలేజీ దొరకలేదు కాబట్టి చదువు ఆపేశాం" అన్న మాట మాత్రం ఇక మన పేటల్లో వినపడకూడదు. కాలేజీ చూడటానికి తోడు కావాలన్నా, దరఖాస్తు నింపడం రాకపోయినా మన సంఘం వాళ్లం వస్తాం. మొహమాటపడకుండా అడగండి.