ముక్కు ఒక ప్రక్కనే మూసికొనినచో

పార్వతీపురము చుట్టుపట్టుల కొండలలో మంచు దిగు దినములందు పడిశము పట్టని యిల్లుండదు. సామాన్యమైన పడిశము ముక్కు రెండు ప్రక్కలను పట్టి, కొలది దినములలో పోవును. వ్యాధి ఒకే ప్రక్కను పట్టి విడువనిచో దానిని వేరుగా విచారింపవలెను. నేడు మేము ముచ్చటింపదలచినది దానిని గురించియే.

ముక్కునకు ఇరువైపుల ముఖపుటెముకలలో గాలి గదులు కలవు. వీనినే సైనసులందురు. చెక్కిటి యెముకలోనిది అన్నింటను పెద్దది. దానికి నేల అంగిలియు పై పండ్ల వేళ్లును. కప్పు కంటి గూడు.

ఒక రైతునకు నెలల తరబడి ఎడమ ముక్కు మూసికొనియున్నదనుకొందము. సి.టి. స్కానులో ఎడమ గది నిండియు, కుడి గది నిర్మలముగను కనిపించినది. ఇది కంతియా? పెక్కుమందిలో కాదు. పుచ్చిన పంటి వేరునుండి చీము గదిలో చేరియుండవచ్చును, బూజు ముద్దకట్టియుండవచ్చును. కాని ఇన్వర్టెడ్ పాపిలోమా అను కంతియు సామాన్యముగా ఒక ప్రక్కనే పుట్టును. అది క్యాన్సరు కాకపోయినను, నూటికి 5 నుండి 10 మందిలో దానితో క్యాన్సరు కలసియుండును. కావున కంతి కాదని తేలువరకు ఆ శంకను విడువరాదు.

స్కానులో వైద్యులు ముఖ్యముగా చూచునది ఎముకను. ఎముక కరగియుండుట శంకకు బలమిచ్చును. అయితే కొన్ని బూజు వ్యాధులును ఎముకను తినును. చీమేదో కంతియేదో తెలియనిచో ఎం.ఆర్.ఐ. తోడ్పడును. తుది నిర్ణయము ముక్క పరీక్షదే. స్కాను చూడకుండ తొందరపడి ముక్క తీయరాదు. యువకులలో పుట్టు ఒక విధమైన కంతిని తాకినచో రక్తము ధారగా కారును.

మన ప్రాంతమునకు సంబంధించిన మాట యొకటి. చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు మన ఉత్తరాంధ్ర స్త్రీలలో చిరకాలముగ కలదు. కోస్తా ఆంధ్రమున అంగిలి క్యాన్సరునకు ఇది కారణమని 1957లోనే వైద్యులు ప్రకటించిరి. అంగిలిపై పుట్టిన పుండు పైకి తొలుచుకొని చెక్కిటి గదిని చేరగలదు. అట్టివారి ముక్కును మాత్రమే చూచి ఊరకుండక నోరు తెరిపించి చూడవలెను. కొయ్యపొడి పీల్చు వడ్రంగులకును ముక్కు క్యాన్సరు భయము ఇతరులకంటె హెచ్చు.

ఈ క్యాన్సరు అరుదైనది. కాని గది బోలుగా నుండుటచే తొలిదశలో నొప్పి యుండదు. తెలియునప్పటికి తరచు ఆలస్యమగును. ఒక ప్రక్క నుండియే రక్తము, చెంప మొద్దుబారుట, పంటి జబ్బు లేకయే పై పండ్లు కదలుట, కన్ను ముందుకు వచ్చుట — వీనిలో ఏ యొకటి యున్నను మందులు మార్చుచు కాలము గడుపవలదు. పార్వతీపురమునుండి విశాఖపట్టణము కింగ్ జార్జి ఆసుపత్రికి పోవుట పేదలకు కూలి నష్టమని మేమెరుగుదుము. అయినను ఆ ప్రయాణము ముందు చేసినచో కన్నును, దవడను, ప్రాణమును దక్కించుకొనవచ్చును. తీయించిన స్కాను ఫిల్మును భద్రపరచి వెంట గొనిపోవుడు.